సైన్యం అమ్మిన బండికి నంబరు ఇవ్వండి: రవాణా, పోలీసు, టెలికాం, రక్షణ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

అధికారులకు నమస్కారం.

నాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా పదిహేడేళ్లు పనిచేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. పాత మిలిటరీ బండ్లు, పాత వైర్‌లెస్ సెట్లు కొని, బాగుచేసి, భద్రంగా ఉంచుకోవడం మాకు ఇష్టమైన పని. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇలాంటి వాళ్లం పదకొండు మందిమి ఉన్నాం. మాజీ సైనికులం నలుగురం, ఒక రిటైర్డ్ సైన్సు టీచరు, ఇద్దరు రైతులు, రైస్ మిల్లులో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్, ఒక మెకానిక్, ఇంజనీరింగ్ చదివిన ఇద్దరు పిల్లలు. మాకు సంఘం, బోర్డు, రసీదు పుస్తకం ఏమీ లేవు. నెలకోసారి ఎవరో ఒకరి షెడ్డులో కూడుతాం, ఒకరి పనిలో ఇంకొకరం చెయ్యి వేస్తాం.

మా ఇబ్బంది మీద రిజిస్టర్డ్ పోస్టులో ఏడు అర్జీలు పంపాం. అందినట్టు రసీదులు ఏడూ తిరిగొచ్చాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. ప్రజావాణిలో రెండుసార్లు కాగితం ఇచ్చాం. సంబంధిత శాఖకు పంపించామని ఫోనుకు మెసేజ్ వచ్చింది, అక్కడితో ఆగింది. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ ఆఫీసు పేరూ, ఏ స్టేషన్ పేరూ, ఏ ఉద్యోగి పేరూ ఇందులో రాయను. మాకు కావలసింది దారి.

ముందు నా బండి సంగతి.

2021లో సైన్యం వేలం వేసిన జోంగా ఒకటి పాడుకున్నాను. జోంగా అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. నిస్సాన్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ 1969 నుంచి 1999 దాకా మన సైన్యం కోసం తయారు చేసిన బండి అది. ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, దాదాపు నాలుగు లీటర్లది. కొండలైనా ఇసుకైనా ఆగేది కాదు. సర్వీసులో నేను చేతులు నల్లగా చేసుకుని బతికించిన బండ్లలో ఎక్కువ భాగం అవే. నేను కొన్నది 1989లో తయారైనది.

ఈ వేలం ఎలా జరుగుతుందో తెలియక చాలామంది మమ్మల్ని అనుమానంగా చూస్తారు కాబట్టి చెబుతున్నాను. ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో వేలం పెడతారు. ముందు ధరావతు కట్టాలి. డిపోకు పోయి బండి చూసుకోవాలి. పాట మనకు దక్కితే పన్నులతో సహా మొత్తం డబ్బు కట్టి, డెలివరీ ఆర్డరు, గేటు పాసు తీసుకుంటేనే బండి గేటు దాటుతుంది. స్క్రాప్ కింద అమ్మేవి వేరు, బండిగా అమ్మేవి వేరు. నాది బండిగా అమ్మారు, ఫారం 21 అమ్మకం సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు రెండూ దాని మీద ఉన్నాయి. దొడ్డిదారి ఎక్కడా లేదు.

లారీ మీద ఇంటికి తెచ్చిన రోజు ఊరు ఊరంతా వచ్చి చూసింది. "గిది యుద్ధంల నడిచిన బండా తాతా?" అని పిల్లలు ఎక్కి కూర్చున్నారు. పెట్రోల్ ట్యాంకు నిండా తుప్పు. గులకరాళ్లు, డీజిల్ పోసి మూడు రోజులు ఊపి ఊపి కడిగాం. సిలిండర్ హెడ్డు నల్గొండలో బోరింగ్ షాపుకు పోయింది. కమాన్ పట్టీల షాకిల్ బుష్‌లు ఎక్కడా దొరకలేదు. లేతు మేస్త్రి పాతది ఒకటి చేతిలో పట్టుకుని, వర్నియర్‌తో కొలిచి, ఎనిమిది బుష్‌లు ఒక్క రోజులో తీసిచ్చాడు. బ్రేక్ రబ్బర్ల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో షాపు షాపూ తిరిగాను. గాస్కెట్లు చేత్తో కత్తిరించుకున్నాం. కాన్వాస్ టాపు మిర్యాలగూడలో ఒక టైలరు కుట్టాడు, అంతకుముందు ఆయన ట్రాక్టర్ సీట్లు, లారీ పరదాలు కుట్టేవాడు. పద్నాలుగు నెలలు పట్టింది. ఇంజన్ మొదటిసారి పలికిన పొద్దు మేస్త్రి భాయ్ కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను.

రంగు గురించి ఒక మాట. మోటారు వాహనాల కేంద్ర నియమాల్లో రూల్ 121 ఉంది. రక్షణ శాఖవి తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని అది చెబుతుంది. కాబట్టి నా జోంగాకు ఇసుక రంగు వేయించాను. బాణం గుర్తు ఉన్న మిలిటరీ నంబరు చెరిపేశాను. యూనిట్ గుర్తులు లేవు. తుపాకీ బిగించే స్టాండు ఉండే చోట రంధ్రాలు కూడా వెల్డింగు చేయించాను. దేశం దుస్తులు వేసుకున్నవాణ్ని, ఆ గుర్తుల విలువ నాకు తెలుసు.

తర్వాత నంబరు కోసం తిరుగుడు మొదలైంది. ఒక ఆఫీసులో కంప్యూటర్‌లో కంపెనీల జాబితా దించి చూశారు. జబల్‌పూర్ ఫ్యాక్టరీ పేరు అందులో కనిపించలేదు, కనిపించకపోతే మేమేం చేయలేమన్నారు. రెండోసారి పోతే, ఇది మొదటి రిజిస్ట్రేషన్ కింద లెక్క, 2020 ఏప్రిల్ నుంచి పొగ తక్కువ వదిలే బీఎస్-6 ప్రమాణం ఉన్న బండ్లకే కొత్త నంబర్లు, మీది పొగ బండి అన్నారు. మూడోసారి పై ఆఫీసును అడిగి చెబుతామన్నారు. ఆ తర్వాత ఫైలు కనిపించడం లేదన్నారు, మళ్లీ జిరాక్సులు ఇచ్చాను. ఇప్పటికి పద్నాలుగు సార్లు తిరిగాను. ఒక్కసారి కూడా 'ఇవ్వం' అని కాగితం మీద రాసివ్వలేదు.

అసలు బాధ ఇదే. చట్టంలో మాకు దారి లేకపోతే నోరు మూసుకుని ఇంట్లో కూర్చునేవాళ్లం. దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 60 చూడండి. దేశ రక్షణకు వాడే కేంద్ర ప్రభుత్వ బండ్లను వేరే అధికారి రిజిస్టరు చేయవచ్చని అందులో ఉంది. ఆ బండి కేంద్ర ప్రభుత్వ ఆస్తిగా గానీ, దాని అధీనంలో గానీ లేకుండా పోయిన నాటి నుంచి సెక్షన్ 39, 40 దానికి వర్తిస్తాయని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అంటే మామూలు మనిషి బండిలాగే యజమాని ఉండే చోట రిజిస్టరు చేయించుకోవాలి. ఇక కేంద్ర నియమాల్లో రూల్ 47, రిజిస్ట్రేషన్‌కు ఏమేం కాగితాలు జతచేయాలో చెప్పేది. సైన్యం నుంచి వచ్చిన బండ్లకు సంబంధిత అధికారులు ఇచ్చిన ఫారం 21 అసలు ప్రతి జతచేయాలని అందులో విడిగా రాసి ఉంది. సైన్యం వదిలిన బండికి ప్రజల చేతిలో నంబరు పడుతుందని నియమం రాసినవాళ్లు ముందే అనుకున్నారు కదా సార్, లేకపోతే ఆ మాట ఎందుకు రాస్తారు?

నంబరు ఇవ్వకూడదని మీకు అనిపిస్తే దానికీ పద్ధతి ఉంది. సెక్షన్ 45 ప్రకారం నిరాకరించే ఉత్తర్వును, కారణాలతో సహా, దరఖాస్తుదారుకు ఇవ్వాలి. దాని మీద సెక్షన్ 57 కింద ముప్ఫై రోజుల్లో అప్పీలుకు పోవచ్చు. నోటితో "కాదు పోండి" అంటే మేం దేని మీద అప్పీలు చేయాలి? ముప్ఫై రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

వింటేజ్ బండ్లకు 2021 జులైలో కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. అందుకు మాకు సంతోషమే. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత బండ్లకు పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు, కొత్తదానికి 20,000 రూపాయలు ఫీజు. రోజువారీ తిరుగుడుకు వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు, పెట్రోలుకు తిప్పుకోవచ్చు. మాకు అంతే చాలు. కానీ 50 ఏళ్లు ఎక్కడి నుంచి లెక్క? మునగాల వైపు మా మిత్రుడి దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫోర్డు జీపు ఉంది. బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం అచ్చుగుద్ది ఉంటుంది, ఫోర్డు వాళ్లు చేసిన జీపును గుర్తుపట్టేది అలాగే. సైన్యం వాడి వదిలేసినవి అమ్మే డిస్పోజల్‌లో వాళ్ల తాత కొన్నాడు. పాత ఆర్సీ పుస్తకాన్ని చెదలు తిన్నాయి. 2016లో జిల్లాలు విడిపోయాక ఆ కాలపు రిజిస్టరు ఎక్కడుందో చెప్పేవారు లేరు. వింటేజ్ దరఖాస్తుకు పాత ఆర్సీ అడుగుతారు. ఎనభై ఏళ్ల బండి వయసు నిరూపించలేక మూలన పడి ఉంది. నా జోంగా లాంటివాటికైతే ఆ నియమం అసలు అందదు. పదిహేనేళ్లు దాటి యాభై నిండని బండి, ఇటు మామూలు బండీ కాదు, అటు వింటేజూ కాదు.

ఇక రేడియోల సంగతి. ఇది ఇంకా బాధాకరం.

పాలమూరు వైపు ఉండే మా సైన్సు టీచరు గారి దగ్గర వైర్‌లెస్ సెట్ నంబర్ 19 ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకుల్లో పెట్టిన సెట్టు. దూరం మాట్లాడటానికి 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ దాకా పనిచేసే భాగం ఒకటి, దగ్గరి ట్యాంకుతో మాట్లాడటానికి ఇంకొకటి, ట్యాంకు లోపలి మనుషులు మాట్లాడుకోవడానికి మరొకటి, మూడూ ఒకే పెట్టెలో. బ్రిటన్‌లో మొదలై, కెనడా, అమెరికాల్లోనూ తయారైంది. అక్కడ తయారైన చాలా సెట్ల ముందు పలక మీద ఇంగ్లిషుతో పాటు రష్యన్ అక్షరాలు కూడా ఉంటాయి. ఆ యుద్ధంలో సోవియట్ సైన్యానికి పంపడానికి అలా అచ్చువేశారు. సారు ఆ సెట్టును హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ఇత్తడి బిందెల పక్కన చూసి, రాగి కోసం పగలగొట్టకముందే కిలోల లెక్కన కొని తెచ్చుకున్నారు.

ఆయనకు అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది, అంటే వ్యాపారం కోసం కాకుండా ఇష్టంతో సొంత సెట్టు మీద మాట్లాడే అనుమతి. ఇలాంటివాళ్లను హామ్‌లు అంటారు. కేంద్రం పెట్టిన పరీక్ష రాసి, పోలీసు విచారణ అయ్యాక వచ్చిన లైసెన్సు, రేడియోలో ఆయన్ని గుర్తుపట్టే సొంత కాల్‌సైన్ కూడా ఉంది. ఆ సెట్టుకు ప్రాణం పోయడానికి రెండేళ్లు పట్టింది. పాత కాగితపు కండెన్సర్లు లీకవుతాయి కాబట్టి ఒక్కొక్కటీ తీసి పరీక్షించారు. ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇస్తే కాలిపోతుందని సిరీస్ బల్బు పెట్టి మెల్లమెల్లగా వోల్టేజి పెంచుతూ పోయారు. 807 అనే గాజు వాల్వు వెలిగి, 7 మెగాహెర్ట్జ్‌లో ఎవరిదో గొంతు గరగరమంటూ వినిపించిన రాత్రి మా అందరికీ ఫోన్లు చేశారు. 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా హామ్‌లకు కేటాయించిన బ్యాండే. ఆ సెట్టు పంపే శక్తి కొద్ది వాట్లు. కింది స్థాయి లైసెన్సుకే 50 వాట్ల దాకా అనుమతి ఉంటుంది.

డాబా మీద తీగ చూసి పక్కింటివాళ్లు ఫిర్యాదు చేశారు. పోలీసులు వచ్చారు, రష్యన్ అక్షరాలు చూశారు. సారు లైసెన్సు చూపించారు. "అవన్నీ తర్వాత చూద్దాం" అని నాలుగు సెట్లు జీపులో వేసుకుపోయారు. స్వాధీనం చేసుకున్నట్టు కాగితం ఇవ్వలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఐదు వారాలు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలే ఆ దారిన పోతూ "నమస్తే సార్, ఇక్కడున్నరేంది?" అని అడిగితే తల దించుకున్నారు. చివరికి ఏ తప్పూ లేదని సెట్లు తిరిగిచ్చారు. రెండు వాల్వులు పగిలి ఉన్నాయి, డయల్ అద్దం విరిగింది. ఆ డయల్‌కు వేరే అద్దం దొరకదు. అప్పటి నుంచి సారు సెట్టు ఆన్ చేయలేదు.

పోలీసుల భయం నాకు అర్థమవుతుంది. ఇది దేశ భద్రత సంగతి, తనిఖీ చేయండి, వంద ప్రశ్నలు అడగండి. వైర్‌లెస్ సెట్టు వాడకపోయినా దగ్గర ఉంచుకోవడానికే అనుమతి కావాలని 1933 చట్టం చెప్పింది. ఇప్పుడు 1885 టెలిగ్రాఫ్ చట్టం, ఆ 1933 చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చారు. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నవాడికి ఒక దారి ఉంది. కానీ తాత పెట్టెలో దొరికిన, పనిచేయని పాత సెట్టును గుర్తుగా అల్మారాలో పెట్టుకునే రైతు ఎవరిని అడగాలి? ఏ ఫారం నింపాలి? మాకు తెలిసిన ఏ ఆఫీసులోనూ దీనికి జవాబు దొరకలేదు.

ఇవన్నీ పదకొండు మంది సరదా అని కొట్టిపారేయవచ్చు. అందుకే దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో రాస్తున్నాను.

1. పని పోతోంది. నా ఒక్క బండి మీద బోరింగ్ షాపు, లేతు మేస్త్రి, టింకర్, పెయింటర్, వైరింగ్ చేసే కుర్రాడు, టాపు కుట్టిన టైలరు, ఇంతమంది కూలి తీసుకున్నారు. మా మిత్రులు మరో ఆరు బండ్లు పాడదామనుకున్నారు. నా బండి గతి చూసి ఆగిపోయారు. కంప్యూటర్ స్కానర్ పెట్టి పార్టు మార్చే కాలంలో, లేని పార్టును చేత్తో తయారుచేయగల మేస్త్రీలు మా జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. వాళ్ల దగ్గర నేర్చుకునే పని ఉంటేనే పిల్లలు వస్తారు.

2. మోసగాళ్లు బతుకుతున్నారు. సక్రమమైన దారి మూసుకుపోయిన చోట దళారి తయారవుతాడు. "కాగితాలు నేను చేయిస్తా" అని, ఎప్పుడో స్క్రాప్ అయిన జీపు ఆర్సీ తెచ్చి ఆ నంబరును వేరే బండికి కొట్టేవాళ్లు ఉన్నారు. ఆర్మీ జిప్సీ తక్కువ ధరకని నమ్మి అప్పు చేసి కొన్న ఒక కుర్రాడు మా దగ్గరికి వచ్చాడు. చాసిస్ నంబరు గీకి మళ్లీ కొట్టినట్టు చూడగానే తెలిసింది. చెప్పడానికి నోరు రాలేదు. ఆ డబ్బు వాళ్లమ్మ పుస్తెలతాడు మీద తెచ్చిందట.

3. భద్రతకూ ఇది మంచిది కాదు. నంబరు ఉంటే బండి ఎవరిదో, ఎక్కడుందో పోలీసులకు క్షణంలో తెలుస్తుంది. నంబరు లేకుండా షెడ్లలో, తోటల్లో ఉండే బండ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఆలివ్ గ్రీన్ రంగు వేసుకుని, ఆర్మీ స్టిక్కర్లు అంటించుకుని తిరిగేవాళ్ల మీద కేసులు పెట్టండి, మేమే ముందు నిలబడి సాక్ష్యం చెబుతాం.

4. ఆపదలో పనికొచ్చేవి మూలన పడుతున్నాయి. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగినప్పుడు చూశాం. 2024 సెప్టెంబర్ 1న కోదాడలో వరదకు కార్లు కొట్టుకుపోయాయి, విజయవాడ హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన చోట బ్యాటరీ మీద నడిచే హామ్ సెట్టు మాట్లాడుతుంది. 2004 డిసెంబర్ సునామీ నాడు హైదరాబాద్‌కు చెందిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. అండమాన్ నుంచి బయటికి కబుర్లు అందించినవాళ్లలో ఆ హామ్‌లు ఉన్నారు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, దాన్ని నడపడం తెలిసిన మాజీ సైనికుడు, సెట్టు పట్టుకున్న హామ్, ముగ్గురూ మా జిల్లాల్లో ఉన్నారు. పిలిస్తే వస్తాం. కానీ నంబరు లేని బండి రోడ్డెక్కితే ఆ వరదలోనే మా మీద కేసు రాస్తారేమోనన్న టెన్షన్ మాది.

5. మా చరిత్ర కిలోల లెక్కన అమ్ముడుపోతోంది. 1948 సెప్టెంబరులో నిజాం సంస్థానం మీదికి భారత యూనియన్ సైన్యం బెజవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేట మీదుగా నార్కట్‌పల్లి దాకా వచ్చింది. వెనక్కి పోతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేసింది. మా నాయనకు అప్పుడు పదేళ్లు, నార్కట్‌పల్లి దగ్గర అమ్మమ్మ ఊర్లో ఉన్నాడు. రోడ్డు పొడవునా జీపులు, ట్రక్కులు పోతుంటే చింతచెట్టు ఎక్కి చూశానని చచ్చిపోయేదాకా చెప్పాడు. జీపు అనే మాట మా ఇంట్లోకి అలా వచ్చింది. ఆ కాలపు జీపు ఒక్కటి నడిచే స్థితిలో చూపించమంటే ఇవాళ మా జిల్లాల్లో ఎక్కడికి తీసుకుపోవాలి? పుస్తకంలో బొమ్మ చూసిన పిల్లవాడికీ, ఇంజన్ మీద చెయ్యి పెట్టి ఆ వేడి తెలుసుకున్న పిల్లవాడికీ చాలా తేడా ఉంటుంది. మా సైన్సు సారు సెట్టు చూపించి తరంగాల పాఠం చెప్పిన తర్వాతే మాలో ఒక పిల్లవాడు ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాడు.

6. మాజీ సైనికుల గురించి ఒక్క మాట. రిటైరై వచ్చినవాడికి సెక్యూరిటీ గార్డు ఉద్యోగం తప్ప వేరే దారి కనిపించదు. చేతిలో ఉన్న పని మరిచిపోతాడు. నాకు తెలిసిన ఇద్దరు ఈ షెడ్డు వల్ల మళ్లీ రెంచీ పట్టారు, తాగుడు తగ్గించారు. ఇంతకంటే వివరంగా రాయడం వాళ్లకు మర్యాద కాదు.

ఇప్పుడు మేం అడుగుతున్నవి.

1. సైన్యం నుంచి వచ్చిన బండ్ల రిజిస్ట్రేషన్ మీద రాష్ట్రంలోని రిజిస్ట్రేషన్ ఆఫీసులన్నింటికీ రవాణా శాఖ ఒక సర్క్యులర్ పంపాలి. సెక్షన్ 60, రూల్ 47, ఫారం 21 సంగతి, ఏమేం కాగితాలు కావాలో తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. కంప్యూటర్ జాబితాలో జబల్‌పూర్ ఫ్యాక్టరీ పేరు లేకపోతే చేర్పించడం ఆఫీసు పని, బండి యజమాని పని కాదు.

2. దరఖాస్తుకు ముప్ఫై రోజుల్లో 'ఇస్తాం' అని గానీ 'ఇవ్వం' అని గానీ కాగితం ఇవ్వండి. ఇవ్వకపోతే సెక్షన్ 45 ప్రకారం కారణం రాయండి. ఈ ఒక్కటి చేసినా సగం బాధ తీరుతుంది. మా డిమాండ్లలో మేం చివరిదాకా వదలనిది ఇదే.

3. బీఎస్-6 నిబంధన దశాబ్దాల కిందట తయారై, ప్రభుత్వమే వాడి, ప్రభుత్వమే అమ్మిన బండికి వర్తిస్తుందా లేదా స్పష్టంగా చెప్పండి. వర్తిస్తే డిపోలు వాటిని బండిగా ఎందుకు అమ్ముతున్నాయో రక్షణ శాఖ చెప్పాలి. వర్తించకపోతే ఆ మాట కింది ఆఫీసుకు చేరాలి. పరిమిత వాడకం అనే షరతు పెట్టండి, గ్రీన్ ట్యాక్స్ వేయండి, ఏటా ఫిట్‌నెస్ చూడండి. ఒప్పుకుంటాం. నా బండి ఏడాదికి ఐదారు వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప.

4. వింటేజ్ లెక్కలో సైన్యం రికార్డులో బండి చేరిన సంవత్సరాన్ని వయసుకు ఆధారంగా తీసుకోవాలి. ఆర్సీ పోయిన పాత జీపులకు చాసిస్ నంబరు, తయారీ గుర్తులు చూసి వయసు తేల్చడానికి ఒక కమిటీ వేయండి. సికింద్రాబాద్ తిరుమలగిరిలో సైన్యం ఈఎంఈ కాలేజీ ఉంది, బండి చూసి సంవత్సరం చెప్పగలవాళ్లు అక్కడ దొరుకుతారు. అసలు రూపం అంటే చాసిస్, బాడీ, ఇంజన్ మారకపోవడమని నియమం చెబుతోంది. రంగు మార్చినందుకు రూపం మారిందనకూడదు, మార్చమన్నది రూల్ 121.

5. పాత వైర్‌లెస్ సెట్టు కనిపిస్తే పోలీసులు ఏం చేయాలో రాష్ట్ర పోలీసు శాఖ ఒక పేజీలో రాసి స్టేషన్లకు పంపాలి. లైసెన్సు అడగండి. కాల్‌సైన్ నిజమా కాదా కేంద్ర వైర్‌లెస్ విభాగంతో సరిచూసుకోండి. తీసుకుపోతే వస్తువుల జాబితా రాసి రసీదు ఇవ్వండి. పెట్టె తెరవకండి, వాల్వులు పీకకండి. లోపల ఐదు వందల వోల్టుల దాకా ఉంటుంది, తెలియక చెయ్యి పెడితే మీ కానిస్టేబుల్ ప్రాణానికే ముప్పు. శిక్షణ ఇవ్వమంటే మా సారు పైసా తీసుకోకుండా వచ్చి చెబుతారు, అంత జరిగినా ఆయన ఆ మాటే అన్నారు.

6. పనిచేయని, ప్రదర్శనకే ఉంచుకునే పాత సెట్లకు తేలిక నమోదు పద్ధతి ఒకటి కొత్త టెలికాం చట్టం కింద పెట్టాలి. ఫోటో, సీరియల్ నంబరు, యజమాని ఆధార్, చిన్న ఫీజు, అంతే. దగ్గర ఉందని చెప్పడానికి భయపడే పరిస్థితి పోతే ఏ సెట్టు ఎక్కడుందో ప్రభుత్వానికే తెలుస్తుంది.

7. రక్షణ శాఖకు. సైన్యం బేస్ వర్క్‌షాపులో ఇంజన్ మార్చిన బండ్లకు పాత ఇంజన్ నంబరుతోనే ఫారం 21 ఇస్తే, తర్వాత మా మీద దొంగతనం అనుమానం పడుతోంది. అమ్మే రోజున బండి మీద ఉన్న నంబరు చూసి సర్టిఫికెట్ రాయించండి. ప్రతి బ్యాచ్‌లో కనీసం ఒకటి రెండు బండ్లు, సెట్లు మా జిల్లాల ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు ఇవ్వండి. కోసి కరిగించిన ఇనుముకు వచ్చే ధర కంటే ఆ పిల్లలు నేర్చుకునే పని విలువ ఎక్కువ.

ఈ లేఖ ప్రతులను నాలుగు శాఖలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అరవై రోజులు ఎదురుచూస్తాం. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఒక్కొక్క దరఖాస్తుకూ ఏమైందో అడుగుతాం, ఆ తర్వాత హైకోర్టు తలుపు తడతాం. మాలో రైతులు పత్తి అమ్మిన డబ్బులో కొంత అందుకోసం పక్కన పెట్టారు.

బండిని పరీక్షించాలనుకుంటే ఎప్పుడైనా రండి. కాగితాలన్నీ ఇనుప పెట్టెలో వరుసగా పెట్టి ఉన్నాయి. వారానికోసారి స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచుతున్నాను, మొదటి సెల్ఫుకే అందుకుంటోంది. మీ ఆఫీసుకే తెమ్మంటే లారీ మాట్లాడి ఎక్కించి తెస్తాను. నడిపి తేవడానికి దానికి ఇంకా నంబరు లేదు.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక మాజీ సైనికుడు,
మరో పది మంది మిత్రుల తరఫున